అండమాల కథల్లో సర్వశక్తి: సృష్టి, సంహారాల చిక్కుముడులపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో నెలకొక ఆదివారం కూర్చుని, ఒకే కల్పిత జగత్తులో ఎవరి కథ వారు రాసుకుని చదువుకునే చిన్న బృందం మాది. ఆ జగత్తుకు అండమాల అని పేరు పెట్టుకున్నాము. అందులో లెక్కలేనన్ని విశ్వాలు ఉంటాయి; ఒక్కొక్కటి ఒక అండం. అండాలను పుట్టించేవాడు కర్త, లయం చేసేవాడు హర్త. కొత్తగా చేరినవారు మొదటి టీ పూర్తికాక ముందే ‘కర్త తాను ఎత్తలేని బండను సృష్టించగలడా’ అన్న బండ ప్రశ్న అడుగుతారు, రెండవ వారం హర్త ఆత్మహత్య గురించి అడుగుతారు, మూడవ వారం కర్త గొప్పా హర్త గొప్పా అని తగువు పెట్టుకుంటారు. చెప్పిందే చెప్పవలసి వస్తున్నందున సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి ఏ సందేహం ఉంటే అదొక్కటే చదువుకోవచ్చు.

## కథ మొదలుపెట్టే ముందు

అండమాలకూ సైన్సు చెప్పే బహుళ విశ్వాలకూ సంబంధం ఉందా?

లేదు. 1957లో హ్యూ ఎవరెట్ ప్రతిపాదించిన క్వాంటం వ్యాఖ్యానంలో విశ్వస్థితి కొమ్మలుగా చీలుతుంది గానీ, దానిని ఎవరూ సంకల్పించి చీల్చరు. తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ 1986లో సమర్థించిన వాదంలో సాధ్యమైన ప్రతి లోకమూ మన లోకమంత నిజమే, అక్కడా సృష్టికర్త అవసరం లేదు. మా అండమాల ఊహకు బీజం ఇంతకంటే దగ్గరలోనే ఉంది. కొండ మీద రోజూ చెవిన పడే ‘అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడు’ అన్న సంబోధనలోనే కోట్ల విశ్వాలు, వాటన్నిటికీ ఒక్క ప్రభువు అనే భావన ఇమిడి ఉంది. అయితే కర్త, హర్త మా కల్పిత పాత్రలు మాత్రమే. ఏ దైవానికీ మారుపేర్లు కావు.

సర్వశక్తి అంటే ఏదైనా చేయగలగడమే కదా, ఇందులో నిర్వచించడానికి ఏముంది?

‘ఏదైనా’ అనే మాట దగ్గరే మూడు దారులు చీలుతాయి. ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1630లో తన మిత్రుడు మెర్సెన్‌కు రాసిన లేఖల్లో గణిత సత్యాలు కూడా దైవసంకల్పం మీద ఆధారపడినవేనని వాదించాడు. ఈ దారిలో కర్త తలచుకుంటే రెండూ రెండూ కలిపి అయిదవుతుంది. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ దారిలో, తనలో తానే వైరుధ్యం లేని ప్రతి పనినీ చేయగలగడమే సర్వశక్తి. మూడవ దారి వారు ‘తన స్వభావానికి సాధ్యమైనదంతా చేయగలవాడు’ అని సరిపెడతారు. ఆ లెక్కన మోగడం తప్ప మరేదీ స్వభావంలో లేని గంట కూడా సర్వశక్తిమంతమే అవుతుంది కాబట్టి, దానిని మేము మొదటి నెలలోనే వదిలేశాము. అండమాలలో రెండవ దారినే పాటిస్తున్నాము.

వైరుధ్యమున్న పనిని చేయలేకపోవడం బలహీనత కాదా?

మన తర్కశాస్త్రంలో తరచుగా కనిపించే రెండు ఉదాహరణలు దీనిని తేల్చివేస్తాయి: కుందేటి కొమ్ము, గొడ్రాలి బిడ్డ. రెండూ లోకంలో లేనివే, కాని లేకపోవడంలో తేడా ఉంది. కుందేటికి కొమ్ములు లేకపోవడం మన అండంలోని జంతువుల తీరు మాత్రమే, కనుక కొమ్ముల కుందేళ్ళు గంతులు వేసే అండాన్ని కర్త రేపే సృష్టించగలడు. ఇసుక నుండి నూనె తీయడమూ అంతే. గొడ్రాలి బిడ్డ సంగతి వేరు. కర్త ఆమెకు బిడ్డను ప్రసాదించిన క్షణంలోనే ఆమె గొడ్రాలు కాకుండా పోతుంది. ప్రసాదించకపోతే బిడ్డ ఉండడు. ఇక్కడ కర్తకు శక్తి చాలకపోవడం లేదు, ఆ మాటలు ఏ పనినీ సూచించడం లేదు. కాబట్టి ఎవరైనా ‘మీ కర్త ఫలానాది చేయగలడా’ అని అడిగినప్పుడు, ముందుగా చూడవలసింది కర్త బలాన్ని కాదు, ఆ వాక్యంలో నిజంగా ఒక పని ఉన్నదా లేదా అన్న విషయాన్ని.

## సృష్టి దశ

కర్త తాను ఎత్తలేని బండను సృష్టించగలడా?

ఈ ప్రశ్న మనుషుల విషయంలో చాలా మామూలు ప్రశ్న. చిత్తూరు జిల్లా గ్రానైటు క్వారీలలో పనిచేసే మనిషి ఎవరైనా తాను ఎత్తలేని దిమ్మెను రోజూ తయారుచేస్తూనే ఉంటాడు, ఎందుకంటే అతని కోసే సామర్థ్యం పెద్దది, ఎత్తే సామర్థ్యం చిన్నది, ఆ రెండింటి మధ్య ఖాళీ ఉంది. మనం ఆ ఖాళీకి అలవాటుపడి, కర్తలోనూ అది ఉండితీరాలని అనుకుంటాము. కర్తలో ఆ రెండు సామర్థ్యాలకూ హద్దు లేదు, కనుక ఖాళీకి చోటు లేదు.

తత్త్వవేత్తలు దీనిని అరవైల దశకంలో గట్టిగా చర్చించారు. ‘సర్వశక్తిమంతుడు ఎత్తలేని బండ’ అనేదే వైరుధ్యమని, దానిని సృష్టించలేకపోవడం లోపం కాదని జార్జ్ మావ్రోడ్స్ 1963లో అన్నాడు. మరుసటి ఏడాది హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ మరో దిక్కు నుండి వచ్చాడు: వైరుధ్యాన్ని కూడా చేయగలడని ఒప్పుకుంటే, ఎత్తలేని బండను సృష్టించడం ఎంత అసాధ్యమో దానిని ఎత్తడమూ అంతే అసాధ్యం, ఒకటి చేసినవాడికి రెండవది చేయడానికి అడ్డేమిటి అని. 1967లో వేడ్ సావేజ్ చెప్పిన మాట నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ‘కర్త తాను ఎత్తలేని బండను సృష్టించలేడు’ అన్న వాక్యం, ‘కర్త ఎంత బరువును సృష్టించగలడో అంత బరువునూ ఎత్తగలడు’ అన్న వాక్యానికి మరో రూపమే. మొదటిది నిందలా వినిపిస్తుంది, రెండవది పొగడ్తలా వినిపిస్తుంది, రెండూ చెప్పేది ఒకటే.

గురుత్వాకర్షణ లేని అండంలో ‘ఎత్తడం’ అనే మాటకే అర్థం లేదని తప్పించుకునేవారు ప్రతి విడతలోనూ ఒకరుంటారు. తెలివైన మాటే గాని, అడిగినవాడు వెంటనే బండకు బదులు తాను విప్పలేని ముడి గురించి అడుగుతాడు.

కర్త తాను కూడా మీరలేని నియమాన్ని సృష్టించగలడా?

1955లో తత్త్వవేత్త జె. ఎల్. మాకీ ఎత్తి చూపిన ఈ చిక్కు బండ కంటే కథకుడికి ఎక్కువ పనికివస్తుంది, ఎందుకంటే మన పురాణాల్లోని వరాల కథలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. భస్మాసురుడికి వరమిచ్చిన శివుడే అతని చేతికి దొరక్కుండా పరుగుతీయవలసి వచ్చింది. అక్కడ శివుడి శక్తి పోయిందని ఏ కథకుడూ చెప్పలేదు; ఇచ్చిన మాట నిలబడింది, అంతే. హిరణ్యకశిపుడి వరంలోనూ మాటను మీరకుండా, మాటల మధ్య ఉన్న సందులో నుండి నరసింహుడు వచ్చాడు.

‘చేయలేడు’ అన్నదానికీ ‘చేయడు’ అన్నదానికీ ఉన్న తేడాను మీ కథ స్పష్టంగా పట్టుకోవాలి. కర్త నియమం పెట్టి, దానిని మీరే శక్తి ఉండి కూడా మీరకపోతే వైరుధ్యం ఏమీ లేదు. నియమం పెట్టిన క్షణం నుండి ఆ శక్తినే వదులుకుంటే, ఆ క్షణం నుండి అతడు సర్వశక్తిమంతుడు కాడు. ఇదీ వైరుధ్యం కాదు, కేవలం ఒక త్యాగం. శక్తిని పూర్తిగా ఉంచుకుంటూనే నియమాన్ని మీరలేకపోవడం మాత్రం కుదరదు. చాలామంది రాసేది ఈ మూడవదే.

కర్త తనను తానే సృష్టించుకోగలడా?

సృష్టించాలంటే ముందుగా ఉండాలి, ఉన్నవాడికి సృష్టి అవసరం లేదు. ఎంత బాగా శిక్షణ పొందిన నటుడైనా తన భుజం మీదికి తానే ఎక్కలేడని మన తార్కికులు చెప్పే సామెత దీని గురించే. వారు దీనికి ఆత్మాశ్రయ దోషం అని పేరు పెట్టారు. మొదటి కర్తను రెండవ కర్త, రెండవ కర్తను మొదటి కర్త సృష్టించారంటే అది అన్యోన్యాశ్రయం. వెనక్కి వెనక్కి పోతూనే ఉంటే అనవస్థ. కాలం వలయంగా తిరిగే అండంలో ఈ కథను వైరుధ్యం లేకుండా రాయవచ్చు, కాని ఆ వలయం అసలు ఎందుకుంది అన్న ప్రశ్నకు లోపలి పాత్రలెవరూ జవాబు చెప్పలేరు.

అన్ని అండాలనూ కలిపిన ఒక మహా అండాన్ని కర్త సృష్టించగలడా?

మూడు అండాలున్నాయనుకుందాము. వాటిలో నుండి ఏమీ తీసుకోకుండా, ఒక్కొక్కటిగా, రెండేసి, మూడూ కలిపి ఎన్ని గుంపులు చేయవచ్చో లెక్కిస్తే ఎనిమిది వస్తాయి. నాలుగు అండాలకు పదహారు. ఎన్ని వస్తువులున్నా వాటితో చేయగల గుంపులు వాటికంటే ఎక్కువేనని, అనంతమైన సమూహాలకూ ఇది వర్తిస్తుందని గేయార్గ్ కాంటర్ 1891లో నిరూపించాడు. ఇప్పుడు ‘ప్రతి గుంపుకూ కర్త ఒక కొత్త అండాన్ని సృష్టించగలడు’ అని ఒప్పుకుంటే, ఏ క్షణంలోనైనా ‘ఇవే అన్ని అండాలు’ అని గీత గీసిన వెంటనే, ఆ గీత బయట మరిన్ని అండాలు సాధ్యమవుతాయి. అంటే ‘సాధ్యమైన అన్ని అండాలు’ అనేది పూర్తయిన సంచి కాదు. ఉన్న అండాలన్నిటినీ కర్త ఒక మాలగా గుచ్చగలడు. కాని ఇంకొక పూస చేర్చడానికి వీలులేని మాలను గుచ్చడం అనే పని లేదు.

## సంహార దశ

హర్త సర్వాన్నీ నాశనం చేస్తే ఆ శూన్యం ఎక్కడ ఉంటుంది?

నేను ఎక్కువ కాలం తల పట్టుకున్న ప్రశ్న ఇదే. సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో ఉంటూ దీనికి పాశ్చాత్య గ్రంథాలను వెతకడం వృథా ప్రయాస అని ఆలస్యంగా తెలుసుకున్నాను. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ‘లేకపోవడం’ అనేదానిని నాలుగు రకాలుగా విభజిస్తుంది. కుండ తయారు కాకముందు ఉన్న లేమి ప్రాగభావం, దానికి మొదలు లేదు గాని అంతం ఉంది. కుండ పగిలిన తర్వాతి లేమి ప్రధ్వంసాభావం, దానికి మొదలుంది గాని అంతం లేదు. గాలిలో రంగు లేకపోవడం వంటిది అత్యంతాభావం. కుండ బట్ట కాకపోవడం అన్యోన్యాభావం. వీటిలో దేనినైనా చెప్పాలంటే రెండు కావాలి: లేనిది ఏమిటి, ఎక్కడ లేదు. ‘నేల మీద కుండ లేదు’ అన్నప్పుడు కుండ పోయినా నేల ఉండాలి.

ఇప్పుడు హర్త కుండతో పాటు నేలను, నేలతో పాటు దిక్కులను, కాలాన్ని, చివరికి తనను చూసేవారిని కూడా తీసివేస్తే, ఆ లేమికి ఆధారం ఏది? ‘ఆ తర్వాత ఏమీ మిగలలేదు’ అన్న వాక్యంలో ‘తర్వాత’ అనే మాటకు కాలం కావాలి. న్యాయ వైశేషికుల మహాప్రళయంలో కూడా పరమాణువులు, ఆకాశం, కాలం, ఆత్మలు మిగులుతాయి. సర్వనాశనాన్ని వర్ణించాలనుకునే కథకుడు కనీసం ఒక నేలను మిగుల్చుకోవాలి. మా నియమం ప్రకారం హర్త ఏ అండాన్నయినా, అందులోని కాలంతో సహా, తీసివేయగలడు; మాల గుచ్చిన దారం మాత్రం ఉంటుంది. ఆ దారాన్ని కూడా తెంపాలని పట్టుబట్టిన మిత్రుడు ఒకరు రాసిన కథ చివరి పేజీని ఖాళీగా వదిలేశారు. అంతకంటే నిజాయితీగా రాయడం కష్టమే.

నాశనమైన అండాన్ని కర్త యథాతథంగా మళ్ళీ సృష్టిస్తే, అది పాతదేనా?

శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే నెలలో కూలిపోయింది. అదే స్థలంలో కొత్త గోపురం లేచి, 2017లో కుంభాభిషేకం జరిగింది. ఇప్పుడు బస్సు దిగినవారు ‘అదుగో రాయలవారి గోపురం’ అని చూపిస్తే తప్పు పట్టేవారూ ఉంటారు, పట్టనివారూ ఉంటారు. చోటు అదే, రూపం అలాంటిదే, రాళ్ళు వేరు, మధ్యలో దాదాపు ఏడేళ్ళ ఖాళీ.

ధ్వంసానికి అంతం లేదని తార్కికులు పట్టుబట్టడం ఇందుకే: పగిలిన కుండ లేమి ఏనాడైనా అంతమైతే ఆ కుండే తిరిగి రావాలి, అలా రావడం ఎవరూ చూడలేదు, వచ్చేది మరో కుండ. ఈ లెక్కన కర్త చేసినది నకలు. అయితే గోపురానికి లేని ఒక చిక్కు అండానికి ఉంది, లోపల మనుషులుంటారు. పునఃసృష్టి అయిన అండంలోని స్త్రీకి తన పెళ్ళి గుర్తుంటుంది, కాని ఆమె ఆ పెళ్ళిలో లేదు. ఆ పెళ్ళిలో ఉన్న స్త్రీ లయమైపోయింది. ఆమె జ్ఞాపకాలన్నీ వివరాల్లో సరిగ్గా ఉండి, మూలంలో అబద్ధాలవుతాయి. పాత అండమే తిరిగి వచ్చిందని మీరు చెప్పదలచుకుంటే, లయానికి అడ్డంగా కొనసాగినది ఏదో ఒకటి చూపించాలి: ఆత్మ కావచ్చు, పరమాణువులు కావచ్చు, లేదా హర్త దానిని నిజంగా నాశనం చేయకుండా నిలిపి మాత్రమే ఉంచాడని కావచ్చు.

జరిగిపోయినదానిని హర్త జరగకుండా చేయగలడా?

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన, ప్రాచీన గ్రానైటు శిలల మీద క్వార్ట్‌జైటు పొరలు నేరుగా కూర్చున్న చోటు ఒకటుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కింది రాయికీ పై రాయికీ మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల కాలానికి సంబంధించిన రాతి ఆధారమే లేదు. ఆ 80 కోట్ల సంవత్సరాలు జరగలేదని ఎవరూ అనరు. వానలు పడ్డాయి, రాళ్ళు అరిగాయి, లెక్క మాత్రం మిగలలేదు.

హర్త గతాన్ని చెరిపాడని రాసే కథలు దాదాపు అన్నీ ఈ పనినే చేస్తాయి: ఆధారాలను, జ్ఞాపకాలను తుడిచివేస్తాయి. అది శక్తికి లోబడిన పనే. జరిగినదానిని జరగనిదిగా చేయడం వేరు. అక్వినాస్ దానిని వైరుధ్యమనే తోసిపుచ్చాడు. 11వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి పీటర్ డామియన్ ఈ ఒక్క ప్రశ్న మీదనే దీర్ఘమైన లేఖ రాయవలసి వచ్చిందంటే అది ఎంత మొండిదో అర్థమవుతుంది. హర్త నిన్నటి యుద్ధాన్ని జరగకుండా చేశాడనుకోండి. అప్పుడు ఆయన దేనిని చెరిపాడు? యుద్ధం లేకపోతే చెరపాలన్న సంకల్పానికి కారణం లేదు. యుద్ధం లేని మరో అండాన్ని పక్కన నిలబెట్టడం మాత్రం సాధ్యమే, కాని పాత అండంలో చనిపోయినవారు చనిపోయినట్లే ఉంటారు. ఈ తేడాను పాత్రల్లో ఒకరికి తెలియజేస్తే కథ లోతెక్కుతుంది.

హర్త తనను తాను నాశనం చేసుకోగలడా?

హర్త నిర్వచనంలో ‘నిత్యుడు’ అని రాసి ఉంటే కుదరదు, ఎందుకంటే నశించే నిత్యుడు గొడ్రాలి బిడ్డ వంటివాడే. ఆ మాట రాయకపోతే నిరభ్యంతరంగా చేసుకోగలడు, ఒక్కసారి. తన చేతిని తన నెత్తిన పెట్టుకునే దాకా భస్మాసురుడి వరం పూర్తిగా పనిచేసింది.

అనంతమైన అండాలను హర్త ఒక్కొక్కటిగా నాశనం చేస్తూ పోతే ఎప్పటికైనా పూర్తవుతుందా?

అలిపిరి నుండి 3,550 మెట్లు. ఎంత మెల్లగా ఎక్కినా అంతం ఉంది. అంతం లేని మెట్లను కూడా ఎక్కవచ్చు, మొదటి మెట్టుకు గంట, రెండవదానికి అరగంట, మూడవదానికి పావుగంట చొప్పున కాలాన్ని సగానికి తగ్గించుకుంటూ పోతే. మొత్తం రెండు గంటలే అవుతుంది. హర్త ఇలా చేస్తే రెండు గంటలకు పని పూర్తవుతుంది.

అసలు వింత కర్త కూడా అదే వేగంతో పనిచేసినప్పుడు మొదలవుతుంది. గణితవేత్త లిటిల్‌వుడ్ 1953లో పెట్టిన చిక్కును మన పాత్రలకు మార్చి చెబుతాను. ప్రతి మెట్టు వద్ద కర్త పది అండాలను సృష్టిస్తాడు, హర్త ఒక్కదానిని నాశనం చేస్తాడు. మెట్టు మెట్టుకూ తొమ్మిది పెరుగుతున్నాయి కనుక చివరికి అనంతంగా మిగులుతాయని అనిపిస్తుంది. హర్త మొదటి మెట్టు వద్ద ఒకటో అండాన్ని, రెండవ మెట్టు వద్ద రెండో అండాన్ని, ఇలా వరుస సంఖ్య ప్రకారం తీస్తే మాత్రం, రెండు గంటలు పూర్తయ్యేసరికి ఒక్కటీ మిగలదు. నమ్మకపోతే మిగిలిన అండం సంఖ్య చెప్పండి. 700వ అండమంటే అది 700వ మెట్టు వద్దే పోయింది. అదే హర్త ప్రతిసారీ పదిలో చివరిదానిని తీస్తే, 1 నుండి 9 వరకు, 11 నుండి 19 వరకు, ఇలా అనంతంగా మిగులుతాయి. ఎన్ని తీశాడన్నది రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఫలితాన్ని నిర్ణయించినది వాటిని తీసిన వరుస.

## ఇద్దరూ ఎదురుపడినప్పుడు

కర్త, హర్త ఇద్దరూ సర్వశక్తిమంతులైతే గెలిచేది ఎవరు?

ఒకే అండాన్ని కర్త నిలపాలని, హర్త లయం చేయాలని ఒకే క్షణంలో సంకల్పిస్తే, ఏ ఒక్కరి సంకల్పం నెరవేరినా రెండవవారు సర్వశక్తిమంతులు కారు. బ్రహ్మసూత్రాల నాలుగవ అధ్యాయం చివరి పాదంలో ఈ విషయం దాదాపు ఇదే రూపంలో ఉంది. ముక్తులకు సకల ఐశ్వర్యాలూ ఉంటాయి, ‘జగద్వ్యాపారవర్జం’, అంటే జగత్తును సృష్టించి నడిపే పని తప్ప. ఎందుకని శంకరులు చెప్పే కారణాల్లో ఒకటి ఇది: అందరికీ ఆ అధికారం ఉంటే ఒకరు స్థితిని కోరవచ్చు, మరొకరు సంహారాన్ని కోరవచ్చు, అప్పుడు విరోధం వస్తుంది.

కథకుడికి మిగిలే మార్గాలు కొద్దివే. ఇద్దరి సంకల్పాలూ ఎప్పుడూ కలిసే ఉంటాయనవచ్చు, అప్పుడు ఇద్దరెందుకని పాఠకుడు అడుగుతాడు. అధికారాన్ని పంచవచ్చు, అప్పుడు ఇద్దరూ గొప్పవారే గాని సర్వశక్తిమంతులు కారు. మూడవది రాజీ. విశ్వామిత్రుడు త్రిశంకువు కోసం వేరే స్వర్గాన్నే సృష్టించబోతే, దేవతలు దిగివచ్చి, త్రిశంకువును అక్కడే తలకిందులుగా ఉండనిచ్చారు. ఎటూ తేలని స్థితికి తెలుగులో త్రిశంకు స్వర్గం కంటే మంచి మాట లేదు, మా కథల్లో ఇలాంటి అండాలు ఇప్పటికి నాలుగున్నాయి.

ఎవరూ నాశనం చేయలేని అండాన్ని కర్త సృష్టిస్తే హర్త ఏం చేస్తాడు?

దేనినైనా ఛేదించే ఈటె, దేనికీ ఛేదింపబడని డాలు ఒకే అంగడిలో ఉండలేవు. చైనా భాషలో వైరుధ్యం అనే మాటే ఈటె, డాలు అనే రెండు అక్షరాలతో ఏర్పడింది. రెండింటిలో ఒకటి ఉంటే రెండవది లేదు. ఏది ఉందో మీ కథ చెప్పాలి.

## రాసేశాక

పాఠకుడు వైరుధ్యాన్ని పట్టుకుంటే ‘కర్త తర్కానికి అతీతుడు’ అని చెప్పవచ్చా?

నేను చెప్పాను, నా మొదటి కథలో. చదివి వినిపించిన తర్వాత వెనుక వరుసలో ఉన్న ఒక ఇంటర్ విద్యార్థిని, ‘అయితే సార్, కర్త ఓడిపోయి కూడా గెలిచి ఉండవచ్చు కదా, మరి చివర్లో మీ కథానాయిక ఎందుకు ఏడ్చింది?’ అని అడిగింది. ఒక్క వైరుధ్యాన్ని నిజమని ఒప్పుకుంటే దాని నుండి ఏ వాక్యాన్నయినా రాబట్టవచ్చునని తర్కశాస్త్రం చెబుతుంది. అప్పుడు కథలో ప్రమాదం ఉండదు, నష్టం ఉండదు, ఏడుపుకు కారణం ఉండదు. ఆ కథను మళ్ళీ రాశాను.

ఇవన్నీ దైవాన్ని ప్రశ్నించడం కాదా? ఈ ఊరిలో అభ్యంతరం రాదా?

ఇంతవరకు రాలేదు. ప్రయోజనం లేనిదే మందబుద్ధి కూడా పనికి పూనుకోడు, మరి సృష్టికర్తకు ఏం ప్రయోజనమని మీమాంసా పండితుడు కుమారిలభట్టు ఎప్పుడో అడిగాడు. సృష్టి కేవలం లీల అని బ్రహ్మసూత్రాలు జవాబిచ్చి, ఆ వెంటనే పక్షపాతం, నిర్దయ అనే ఆక్షేపణలను కూడా తామే ఎత్తుకుని చర్చించాయి. కల్పిత పాత్రల గురించి మేము అడిగేవి వాటి ముందు చాలా మెత్తని ప్రశ్నలు.

మరొకరి కథలో హర్త లయం చేసిన అండాన్ని నేను నా కథలో వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. ప్రతి అండానికీ దాని కాలం దానికే ఉంటుంది కనుక, లయానికి ముందు జరిగినట్లు రాస్తే ఎవరి కథా చెడదు. లయం తర్వాత జరిగినట్లు రాయదలిస్తే, అది పాత అండమో నకలో మొదటి పేజీలోపే మీరు తేల్చుకుని ఉండాలి. పాఠకుడికి చెప్పకపోయినా ఫరవాలేదు. అండం సంఖ్యను మాత్రం మా నోటుపుస్తకంలో రాయించండి. పోయిన సంవత్సరం ముగ్గురు ఒకే అండాన్ని మూడు రకాలుగా లయం చేశారు.